గుండమ్మగా మిగిలిపోయిన సూర్యకాంతం గారు



వార్షికోత్సవ సంచిక కోసం ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి రాసి పంపమని సంపాదకవర్గం వారు మమ్మల్ని కోరారు. ఇటువంటి సంచికల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ గారి జీవితం, మన వినుకొండలో పుట్టిన జాషువా గారి జీవితం ఏటా వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. ఈసారి మేము మాత్రం ఒక సినిమా నటి జీవితం రాస్తున్నాం. ఇదేమిటి, హాస్టల్ సంచికలో సినిమా కబుర్లా అని ఎవరూ అనుకోవద్దు. ఆఖరు వరకు చదివితే ఎందుకు రాశామో మీకే తెలుస్తుంది. ఆమె సూర్యకాంతం గారు. 2024 అక్టోబరు 28తో ఆమె పుట్టి నూరేళ్లు నిండాయి.

ఎత్తిపోతలలో మళ్లీ చూసిన సినిమా

పోయిన వానాకాలంలో మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఇరవై మందిమి దాకా ఎత్తిపోతలలో కలుసుకున్నాం. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ విహారయాత్ర అంటే మాకు తెలిసిన చోటు అదొక్కటే. పొద్దున్నే పులిహోర పొట్లాలు కట్టించుకొని బస్సెక్కేవాళ్లం. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే పైనుంచి కేకలు పెట్టేవాళ్లం. మొసళ్ల కేంద్రం దగ్గర మొసలి కదిలిందా లేదా అని పందేలు కాసేవాళ్లం. ఇప్పుడు మాలో ఒకరు మాస్టారు, ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగులు. ముగ్గురు నలుగురు సొంతూళ్లలోనే మిరప, పత్తి సాగు చేసుకుంటున్నారు. జుట్టు నెరిసినవాళ్లూ, ఊడినవాళ్లూ సమానంగా ఉన్నారు.

సాయంత్రానికి వాన పట్టుకుంది. బయట తిరగడానికి వీల్లేక గదిలోనే చేరాం. ఒక మిత్రుడు లాప్‌టాప్ తీసి ఏ సినిమా పెట్టమంటారని అడిగితే, అందరి నోటా ఒక్కసారే 'గుండమ్మ కథ' పేరు వచ్చింది. ఎందుకంటే మేమందరం కలిసి చూసిన మొదటి సినిమా అదే.

1993లో హాస్టల్ వార్షికోత్సవం రాత్రి తలా ఒక రూపాయి వేసుకొని కలర్ టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెప్పించాం. రెండు క్యాసెట్లు వచ్చాయి. ఒకటి మేము అడిగిన కొత్త సినిమా. రెండోది వార్డెన్ గారు ఎంచిన పాత సినిమా. ముందు పాతది చూస్తేనే కొత్తది పెడతామన్నారు. కలర్ టీవీలో నలుపు తెలుపు బొమ్మ వచ్చేసరికి మా మొహాలు మాడిపోయాయి. అరగంట గడిచాక వరండా అంతా నవ్వులే. నిక్కరు తొడుక్కున్న ఎన్.టి.రామారావు గారు రుబ్బురోలు ముందు కూర్చొని పాట పాడుతూ పిండి రుబ్బుతుంటే చిన్న తరగతుల పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. గుండమ్మ తెర మీదికి వచ్చినప్పుడల్లా మాత్రం అందరం తిట్టుకున్నాం. ఆమె ఓడిపోవాలని, ఏడవాలని కోరుకున్నాం.

ఆ మర్నాటి నుంచి హాస్టల్లో ఎవరు గట్టిగా అరిచినా గుండమ్మే. అందరికంటే గట్టిగా అరిచేది వంటగదిలో పనిచేసే ఆయమ్మ. ఆ పేరు ఆమెకు అంటుకుపోయింది. ఆమె సంగతి తర్వాత చెబుతాం. ముందు అసలు గుండమ్మ గారి జీవితం చెప్పాలి.

పద్నాలుగో బిడ్డ

సూర్యకాంతం గారు 1924 అక్టోబరు 28న తూర్పు గోదావరి జిల్లా కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. తల్లి వెంకటరత్నమ్మ, తండ్రి పొన్నాడ అనంతరామయ్య గార్లు. వారికి ఆమె పద్నాలుగో సంతానం. అంతమంది పిల్లలున్న ఇంట్లో ఆఖర్లో పుట్టిన ఆడపిల్లకు నోరు చేసుకొని బతకడం ఉగ్గుపాలతోనే వచ్చి ఉంటుందని మేము అనుకుంటున్నాం. చిన్న వయసులోనే ఆట, పాట నేర్చుకున్నారు. ఊళ్లో గోడల మీద అతికించిన హిందీ సినిమా పోస్టర్లు ఆమెను బాగా ఆకర్షించేవట.

ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. మంచి కుటుంబాల ఆడపిల్లలు సినిమాల్లోకి వెళితే నలుగురూ నాలుగు మాటలు అనే కాలం. అయినా ఆమె మద్రాసు చేరారు. జెమినీ వారు తీస్తున్న 'చంద్రలేఖ'లో నాట్యం చేసే అమ్మాయిల్లో ఒకరిగా చోటు దొరికింది. జీతం నెలకు 75 రూపాయలు. ఆ సినిమా తీయడానికే ఏళ్లు పట్టి, 1948లో విడుదలైంది. ఈలోగా 1946లో వచ్చిన 'నారద నారది', 'గృహప్రవేశం' సినిమాల్లో ఆమెకు చిన్నవో పెద్దవో వేషాలు దొరికాయి.

అందరిలాగే ఆమె కోరిక కూడా కథానాయిక కావాలనే. 'సౌదామిని'లో ఆ అవకాశం చేతి దాకా వచ్చింది. అంతలో కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయమైంది. వేషం చేజారింది. బొంబాయి నుంచి కూడా ఒకసారి కథానాయిక వేషానికి పిలుపు వచ్చిందని, అయితే మరో నటిని తీసేసి ఆ స్థానంలో తనను పెడుతున్నారని తెలిసి ఆమె ఒప్పుకోలేదని సినిమావాళ్లు చెప్పుకుంటారు. ఒకరి కడుపు కొట్టి తాను పైకి రావడం ఆమెకు ఇష్టం లేకపోయిందట. తెర మీద అందరి కడుపులూ కొట్టిన మనిషి బయట ఇలా ఉండేదని మాకు చిన్నప్పుడు తెలియదు.

ఇరవై ఆరేళ్లకే అత్తగారు

1950లో ఎల్.వి.ప్రసాద్ గారి దర్శకత్వంలో 'సంసారం' వచ్చింది. గయ్యాళి అత్త వేషం సూర్యకాంతం గారికి దక్కింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఆరేళ్లు. ఆ వయసు నటులు హీరోయిన్ వేషం కోసం ఎదురు చూస్తారు గాని, అత్త వేషం వేస్తామని ఎవరూ ముందుకు రారు. ఒకసారి అత్త అయ్యాక మళ్లీ హీరోయిన్‌గా పిలిచేవారు ఉండరని అందరికీ తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా వేశారు. ఆ వేషం జనానికి ఎంతగా పట్టిందంటే, ఇక నలభై ఏళ్లకు పైగా ఆ తలుపు గుండానే వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాదే పెద్దిభొట్ల వెంకట చలపతిరావు గారితో ఆమె వివాహం జరిగింది. పిల్లలు కలగలేదు. అక్క కొడుకును దత్తత తీసుకొని పెంచుకున్నారు.

ఇటువంటి కథే హిందీ సినిమాల్లోనూ ఒకటి ఉంది. దూరదర్శన్‌లో వచ్చిన 'రామాయణ్' ధారావాహికలో మంథరగా నటించిన లలితా పవార్ గారు మా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటారు. ఆమె కూడా మొదట కథానాయికే. 1942లో షూటింగులో తగిలిన చెంపదెబ్బకు ఎడమ కన్ను దెబ్బతింది. ఆ తర్వాత ఆమెకూ గయ్యాళి అత్త వేషాలే మిగిలాయి. దేశానికి ఆ కొసనా ఈ కొసనా ఇద్దరు నటీమణులు, ముఖానికి తగిలిన దెబ్బతో దారి మార్చుకొని, ఆ దారిలోనే ఎవరూ దాటలేని ఎత్తుకు ఎదిగారు. పోయినదాన్ని తలుచుకుంటూ కూర్చోకుండా దొరికినదాన్ని ఎలా నిలబెట్టుకోవాలో మన హాస్టల్ పిల్లలు నేర్చుకోవలసిన చోటు ఇదే.

1955లో 'దొంగరాముడు', 'కన్యాశుల్కం', 1957లో 'తోడికోడళ్ళు', 1959లో 'మాంగల్యబలం', 1961లో 'వెలుగునీడలు', 1962లో 'రక్తసంబంధం', 'కులగోత్రాలు' — ఇలా ఏ కుటుంబ కథ తీసినా ఆమె లేకుండా నడవని రోజులు వచ్చాయి. రేలంగి, రమణారెడ్డి, ఎస్.వి.రంగారావు గార్ల వంటి మహానటుల ఎదుట నిలబడి ఆమె ఎక్కడా తగ్గలేదు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుని తల్లి హిడింబిగా వేశారు. రాక్షసి వేషంలో తల్లి ప్రేమ కనబరిచారు. మామూలు ఇల్లాలి వేషంలో రాక్షసత్వం చూపారు. రెండూ జనం నమ్మారు.

ఆమె ఎడమచేతి వాటం మనిషి. ఆ ఎడమ చెయ్యి ఊపుతూ, పెదవి విరుస్తూ, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే తీరు ఆమె ఒక్కరికే చెల్లింది. ఎవరినీ కొట్టకుండానే, మాటతోనే హాలంతా వణికించగలిగేవారు. ఆ వెంటనే నవ్వించగలిగేవారు. ఈ రెండోదే కష్టమైన విద్య. ఉత్త దుర్మార్గురాలిని జనం అసహ్యించుకుని ఊరుకుంటారు. సూర్యకాంతం గారిని తిట్టుకుంటూనే ఆమె ఎప్పుడు మళ్లీ తెర మీదికి వస్తుందా అని ఎదురు చూసేవారు.

'గుండమ్మ కథ'

ఇక మన సినిమా సంగతి. 1962 జూన్ 7న విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వారి సినిమా. చక్రపాణి గారిది మన గుంటూరు జిల్లా తెనాలి. మాటలు రాసిన డి.వి.నరసరాజు గారు పుట్టింది కూడా అదే జిల్లా సత్తెనపల్లి ప్రాంతంలో. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ సత్తెనపల్లి మన పల్నాడు జిల్లాలోకే వచ్చింది కనుక నరసరాజు గారు మనవారే అని గర్వంగా చెప్పుకోవచ్చు. పౌరాణికాలకు పేరున్న కమలాకర కామేశ్వరరావు గారు దర్శకులు. పింగళి నాగేంద్రరావు గారి పాటలకు ఘంటసాల గారి సంగీతం. మార్కస్ బార్‌ట్లే గారి ఛాయాగ్రహణం. అంతకు ముందు కన్నడంలో వచ్చిన 'మనె తుంబిద హెణ్ణు' దీనికి ఆధారం.

ఎన్.టి.రామారావు గారికి అది నూరవ సినిమా. అక్కినేని నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదవది. సావిత్రి, జమున గార్లు కథానాయికలు. పైగా ఎస్.వి.రంగారావు గారు. ఇంతమంది మహామహులను పెట్టుకొని, సినిమాకు గయ్యాళి పాత్ర పేరు పెట్టారు. పోస్టరు మీద ఇద్దరు హీరోల బొమ్మలున్నా, పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది. తెలుగు సినిమాలో అటువంటి గౌరవం సహాయ పాత్రలు వేసేవారికి దక్కడం చాలా అరుదు.

ఈసారి ఎత్తిపోతలలో చూస్తూ మా మిత్రుడొకడు ఫోనులో పుట్టిన తేదీలు వెతికాడు. మేమందరం నోళ్లు వెళ్లబెట్టాం. సినిమా విడుదలయ్యేనాటికి సూర్యకాంతం గారి వయసు 37 ఏళ్లు. అల్లుళ్లుగా వేసిన రామారావు గారికి 39, నాగేశ్వరరావు గారికి 37. ఇద్దరూ ఆమె కంటే పెద్దవాళ్లే. రామారావు గారు 1923 మే నెలలో, నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరులో పుట్టారు. అంటే తనకన్నా పెద్దవాళ్లయిన ఇద్దరు అల్లుళ్లకు ఆమె అత్తగారు. చిన్నప్పుడు మాకు ఆమె ముసలామెలా కనబడింది. ఇప్పుడు మాలో ఎవరికీ ఆ వయసు తిరిగి రాదు, అందరం దాటిపోయాం.

కథ అందరికీ తెలిసిందే అయినా తమ్ముళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. గుండమ్మ డబ్బున్న వితంతువు. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిలా చూస్తుంది. సొంత కూతురు సరోజను గారాబం చేస్తుంది. జమీందారు వెంకటరామయ్య గారి కొడుకుల్లో పెద్దవాడు అంజి వేషం మార్చి ఆ ఇంట్లో పనివాడుగా చేరి లక్ష్మిని పెళ్లాడతాడు. చిన్నవాడు రాజా సరోజను పెళ్లాడి, తాను పేదవాడినని నమ్మించి ఆమె చేత కష్టం చేయించి పొగరు దించుతాడు. గుండమ్మ పక్కన చేరి చెవి కొరికేవాడు రమణారెడ్డి గారు వేసిన గంటన్న. ఆఖరికి ఛాయాదేవి గారు వేసిన దుర్గ చేతిలో గుండమ్మే నానా అగచాట్లు పడుతుంది. అప్పుడు ఆమెను కాపాడటానికి వచ్చింది ఎవరంటే, ఆమె పనిమనిషిలా చూసిన లక్ష్మే.

అప్పుడు నవ్వినచోట ఇప్పుడు నవ్వలేకపోయాం

నిజం చెప్పాలంటే ఈసారి కూడా బాగా నవ్వాం. నరసరాజు గారి మాటలకు అరవై ఏళ్లు దాటినా తుప్పు పట్టలేదు. అయితే రెండు చోట్ల మాత్రం గది నిశ్శబ్దమైపోయింది.

మొదటిది, లక్ష్మి సొంత ఇంట్లోనే పనిమనిషిగా బతికే దృశ్యాలు. మాలో చాలామందిమి సెలవులొస్తే ఇంటికి వెళ్లి హాయిగా ఆడుకున్నవాళ్లం కాదు. మిరపకోతలకు, పత్తి తీతలకు, నాపరాయి క్వారీలకు పోయినవాళ్లం. దూరపు చుట్టాల ఇళ్లలో ఉండి గొడ్ల చావిడి ఊడ్చినవాళ్లు కూడా ఉన్నారు. అంజి ఆ ఇంట్లో పనివాడుగా చేరి రుబ్బురోలు తిప్పినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేషం తీసేసి మేడకు వెళ్లిపోగలడు. ఆ నమ్మకంతోనే మనం నవ్వుతాం. మాకు ఆ మేడ లేదు. మాకు ఉన్నదల్లా ఈ హాస్టలు, ఒక ట్రంకు పెట్టె, ఒక పళ్లెం, గ్లాసు. వాటితోనే మేము వేషం మార్చుకున్నాం. ఆ సంగతి ఆ రాత్రి ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తోచింది.

రెండోది గుండమ్మ గురించి. చిన్నప్పుడు ఆమె ఒట్టి గయ్యాళిగానే కనబడింది. ఇప్పుడు చూస్తే ఇంట్లో మగదిక్కు లేదు. చేతిలో ఆస్తి ఉంది. గంటన్న లాంటివాళ్లు గుమ్మం పట్టుకొని వేలాడుతున్నారు. అటువంటి ఇల్లాలికి నోరే కంచె. ఆ నోరు కాస్త మెత్తబడితే ఏమవుతుందో దుర్గ వచ్చాక సినిమాయే చూపిస్తుంది. లక్ష్మి పట్ల ఆమె చేసింది ముమ్మాటికీ తప్పే. దాన్ని మేము సమర్థించడం లేదు. కాని ఆమె అరుపుల వెనక ఒక భయం ఉందని సూర్యకాంతం గారు అప్పుడే కళ్లతో చెప్పారు. చూడటం మాకు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

పేరు మింగేసిన వేషం

తెర బయట సూర్యకాంతం గారు ఎలా ఉండేవారో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. షూటింగుకు వచ్చేటప్పుడు ఇంటి దగ్గర వండించిన పులిహోర, పిండివంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించేవారని ఆమెతో పనిచేసిన వాళ్లు చెబుతారు. ఒక సినిమాలో చిత్తూరు నాగయ్య గారిని నోటికొచ్చినట్లు తిట్టవలసి వచ్చిందట. నాగయ్య గారంటే అందరూ దేవుడితో సమానంగా చూసే మనిషి. షాట్ అయిపోగానే ఆమె ఆయన కాళ్ల మీద పడి క్షమించమని ఏడ్చారట.

సినిమావాళ్లలో మరో ముచ్చట కూడా ఉంది. గుమ్మడి వెంకటేశ్వరరావు గారు ఒకసారి ఆమెతో, మీరు తెలుగువాళ్లకు ఒక అన్యాయం చేశారని, ఇంత అందమైన పేరును ఇక ఎవరూ తమ బిడ్డకు పెట్టుకోకుండా చేశారని సరదాగా అన్నారట. ఆ మాటలో ఎంత నిజముందో మనకు తెలుసు. సూర్యకాంతం అంటే సూర్యకాంత మణి. వెలుగు తగిలితే మెరిసేది. అటువంటి పేరు మన ఊళ్లలో తిట్టు అయిపోయింది. నోరున్న కోడలిని, గట్టిగా మాట్లాడే అక్కను సూర్యకాంతం అని వెక్కిరిస్తాం. ఎంత గొప్పగా నటిస్తే ఒక మనిషి పేరు అలా వాడుకలో కలిసిపోతుందో ఆలోచించండి. అలాగే, ఆ పేరున్న మనిషికి లోపల ఎలా ఉండి ఉంటుందో కూడా ఆలోచించండి. పిల్లలు దగ్గరికి రావడానికి భయపడితే, ఇళ్లలో ఆడవాళ్లు తనను శాపనార్థాలు పెడితే, అదే తన నటనకు బహుమతి అని సర్దుకుపోవాలి.

ఆమె 1994 డిసెంబరులో కన్నుమూశారు. 1946లో మొదలైన నట జీవితం దాదాపు అర్ధ శతాబ్దం సాగింది. ఆ తర్వాత గయ్యాళి అత్తలు ఎందరో వచ్చారు. వారందరినీ జనం కొలిచింది ఆమెతో పోల్చే.

మా ఆయమ్మ

ఇప్పుడు మా ఆయమ్మ సంగతి. సూర్యకాంతం గారు పోయిన వార్త హాస్టల్‌కు వచ్చే దినపత్రికలో ఫోటోతో సహా పడింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు మేము నలుగురం ఆ పేజీ పట్టుకొని వంటగది గుమ్మంలో చదువుకుంటున్నాం. ఆయమ్మ గరిటె పట్టుకొని వచ్చి ఆ బొమ్మ ఎవరిదని అడిగింది. ఆమెకు చదువు రాదు. మేము పేరు చెప్పాం, సినిమాల్లో అత్త వేషాలు వేసేదని చెప్పాం. ఆమె ఆ బొమ్మ వంక కాసేపు చూసి, మీరు నన్ను పిలిచేది ఈమె పేరుతోనేనా అని మెల్లిగా అడిగింది.

ఆమెకు తెలుసు. ఏడాదికి పైగా చాటున మేము పిలుచుకుంటున్నదంతా ఆమెకు తెలుసు. మేము తలలు వంచుకున్నాం. ఆమె ఏమీ అనలేదు. పళ్లేలు పట్టండని చెప్పి ఎప్పటిలాగే సాంబారు పోసింది. ఆ రోజు మాత్రం అరవలేదు. ఆమె అరవకపోవడం మాకు ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ గుర్తే.

ఆమె ఎందుకు అరిచేదో పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. గుడ్డు పెట్టే రోజున పెద్ద తరగతుల వాళ్లం వరసలో రెండుసార్లు దూరేవాళ్లం. వెనక నిలబడ్డ చిన్నపిల్లల దాకా వచ్చేసరికి గుడ్లు అయిపోయేవి. ఆమె అరిచి, మమ్మల్ని లాగి అవతల నిలబెట్టబట్టే మూడో తరగతి పిల్లవాడికి గుడ్డు దక్కేది. ఎవరైనా జ్వరంతో పడుకుంటే అన్నం తినలేదని అరుస్తూనే గంజి కాచి మంచం దగ్గరికి తెచ్చేది. మేము అరుపు విన్నాం. గంజి తాగి మరచిపోయాం.

ఎత్తిపోతలలో సినిమా అయిపోయాక ఆమె ప్రస్తావన వచ్చింది. ఇప్పుడు ఎక్కడుందని అడిగితే, మాచర్లలో ఉంటున్న మిత్రుడు చెప్పాడు, ఆమె పోయి నాలుగేళ్లయిందట. కూతురి దగ్గర ఉండేదట. అసలు పేరేమిటని అడిగాం. ఇరవై మందిలో ఇద్దరికి మాత్రమే తెలుసు. ఒక్కరి దగ్గర కూడా ఆమె ఫోటో లేదు. పది తరగతులు ఆమె చేతి అన్నం తిని చదువుకున్నవాళ్లం, మాకు ఆమె గుండమ్మగానే గుర్తుంది. బయట వాన కొడుతూనే ఉంది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తమ్ముళ్లకు ఒక మాట

సూర్యకాంతం గారి పేరును ఆమె వేషం మింగేసింది. అది ఆమె ఎంచుకున్న వృత్తి. అందుకు తగిన డబ్బు, పేరు, ప్రతిష్ఠ ఆమెకు దక్కాయి. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వారు గౌరవ డాక్టరేట్ ఇచ్చి సత్కరించారు. మా ఆయమ్మ ఏ వేషం ఎంచుకోలేదు. మేమే అంటగట్టాం. ఆమెకు డాక్టరేట్ కాదు గదా, పదవీ విరమణ రోజున ఒక పూలదండ కూడా మేము తీసుకెళ్లలేదు.

హాస్టల్ పిల్లలమైన మనకు అంటగట్టిన పేర్ల బరువు తెలియనిది కాదు. బళ్లో మనల్ని పేరు పెట్టి పిలవక హాస్టలోళ్లు అని పిలిచినప్పుడు ఎంత ముడుచుకుపోయేవాళ్లమో ఎవరికి వారికి తెలుసు. ఆ బాధ తెలిసిన మనమే మరొకరికి అదే పని చేశామన్నది ఈ వ్యాసంలో మేము ఒప్పుకుంటున్న తప్పు.

అందుకని మా బ్యాచ్ తరఫున ఒక నిర్ణయం చేశాం. ఈ హాస్టల్‌లో మొదటి నుంచి పనిచేసిన వంటవాళ్లు, కామాటీలు, వాచ్‌మన్ల పేర్లు సేకరిస్తున్నాం. వారి కుటుంబాల అనుమతితో ఒక బోర్డు రాయించి భోజనశాల గోడకు పెట్టిస్తాం. మా ఆయమ్మ కూతురిని ఇంకా కలవలేదు కనుక ఆమె పేరు ఇక్కడ అచ్చు వేయడం లేదు. వచ్చే ఏడు సంచికలో తప్పకుండా వేస్తాం. మీ కాలంలో పనిచేసిన వారి పేర్లు గుర్తున్న పూర్వ విద్యార్థులు వార్షికోత్సవం రోజున మాకు చెప్పవలసిందిగా కోరుతున్నాం. పాత ఫోటోలుంటే మరీ మంచిది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు ఒక పని చేయండి. ఈసారి వార్షికోత్సవం రాత్రి 'గుండమ్మ కథ' చూడండి. కడుపు నిండా నవ్వండి. సూర్యకాంతం గారు కోరుకున్నది కూడా అదే. మర్నాడు పొద్దున్నే వంటగదిలోకి వెళ్లి, మీకు వండిపెడుతున్న వారి పేరేమిటో అడిగి తెలుసుకోండి. ఆ రోజు నుంచి ఆ పేరుతోనే, అమ్మా అనో అక్కా అనో చివర చేర్చి పిలవండి.

ఇట్లు,
మీ అన్నలు,
పూర్వ విద్యార్థుల బృందం